నాన్నగారి కంట్లో పరీక్షలో ఉన్న లెన్సు వేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. తెనాలిలో టైలరింగ్ చేస్తారు. రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయి, కుడి కన్ను బాగా మసకబారింది. అద్దాల చీటీలో సిలిండర్ నంబరు 2.75 అని ఉంది. మామూలు లెన్సు వేస్తే ఆ నంబరు మిగిలిపోతుందనీ, టోరిక్ లెన్సు వేస్తే చాలావరకు పోతుందనీ డాక్టరు గారు చెప్పారు. టోరిక్ ఖర్చు మాకు భారం. అదే ఆసుపత్రిలో ఒక కొత్త టోరిక్ లెన్సును పరీక్షిస్తున్నారట. చేరితే లెన్సు, ఆపరేషన్, ఏడాది పాటు తనిఖీలు ఉచితం. కొత్త లెన్సు వస్తుందా, మరొకటా అన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుందట. మా బాబాయి ‘కళ్ల మీద ప్రయోగాలా!’ అని మండిపడుతున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు కాంతితో నంబరు సరిచేసే లెన్సు వచ్చిందనీ, ఆగమనీ అంటున్నాడు. నాన్నగారు మాత్రం ‘అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కితే చాలు’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నలుగురి మాటలున్నాయి. వాటిలో ముందుగా తేల్చుకోవలసింది నాన్నగారి సూది సంగతి. అది తేలకుండా సంతకం పెడితే ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగినా ఆయన నిరాశపడతారు.

సిలిండర్ నంబరు అంటే కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేక వచ్చే మసకకు కొలత. టోరిక్ లెన్సు ఆ నంబరును సరిచేస్తుంది, చత్వారాన్ని కాదు. మామూలు టోరిక్ లెన్సుకు ఒకే దూరం స్పష్టంగా కనిపిస్తుంది. సాధారణంగా డాక్టర్లు దాన్ని దూరపు చూపుకు కుదురుస్తారు. అప్పుడు ఎదురుగా వచ్చే బస్సు బోర్డు అద్దాలు లేకుండా చదవగలరు కానీ, సూదికి మాత్రం దగ్గరి అద్దాలు పెట్టుకోవాల్సిందే. ఆయన రోజంతా చూసేది మిషన్ పాదం కింద కదిలే గుడ్డను, అంటే అర మీటరు లోపలి ప్రపంచాన్ని. అలాంటి వృత్తి ఉన్నవాళ్లకు కావాలనే మైనస్ 2 దగ్గర నంబరు మిగిల్చి, దగ్గరి పని అద్దాలు లేకుండా, దూరం అద్దాలతో చూసేలా చేయడం కూడా ఒక పద్ధతి. జీవితమంతా కుట్టుపని చేసిన మనిషికి ఇది చాలా సార్లు మెరుగైన బేరం.

ఇబ్బంది ఎక్కడంటే, లెన్సు పరీక్షల్లో ఈ వెసులుబాటు సాధారణంగా ఉండదు. అద్దాలు లేకుండా దూరం ఎంత బాగా కనిపిస్తుందో కొలవడమే వాటి ప్రధాన లెక్క. కాబట్టి చేరిన వాళ్లందరికీ దూరపు చూపుకే లెన్సు పవరు ఎంచుతారు. ‘మా నాన్నగారికి దగ్గరి చూపుకు కుదర్చగలరా?’ అని ఆసుపత్రిలో అడగండి. ‘అధ్యయనంలో కుదరదు’ అంటే, ఉచితంగా వచ్చేది ఆయన కోరుకున్నది కాదన్నమాట. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవలసింది ఇదే, బాబాయి కోపం గురించి కాదు.

ఇక ఆ 2.75 సంగతి. అది అద్దాల నంబరు. అందులో రెండు వాటాలు కలిసి ఉంటాయి. కంటి ముందున్న పారదర్శకమైన పొర కార్నియా వంపులోని తేడా ఒకటి, లోపలి సహజ కటకం వల్ల వచ్చేది రెండోది. శుక్లం ఆపరేషన్‌లో ఆ సహజ కటకాన్నే తీసేస్తారు, దాని వాటా దానితోనే పోతుంది. మిగిలేది కార్నియా వాటా. టోరిక్ లెన్సు కావాలా, ఎంత పవరుది కావాలా అన్నది కార్నియా కొలతను బట్టే ఉంటుంది. అద్దాల చీటీలో 2.75 ఉండి కార్నియాలో 1.25 మాత్రమే ఉన్నవాళ్లు ఉంటారు, దీనికి తలకిందులుగా ఉన్నవాళ్లూ ఉంటారు. కాబట్టి కార్నియా సిలిండర్ ఎంత, ఏ యాక్సిస్‌లో, అంటే ఏ కోణంలో ఉంది అని అడిగి కాగితం మీద రాయించుకోండి. శుక్లం ఆపరేషన్‌కు వచ్చేవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి కార్నియా సిలిండర్ నంబరు 1 లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది. మీరేమీ అరుదైన సమస్యలో లేరు.

కొలతను ఒక్కసారి ఒక్క యంత్రం మీద తీసి సరిపెట్టుకుంటే ఒప్పుకోకండి. కన్ను పొడిబారి ఉంటే కార్నియా కొలత పూటకో రకంగా వస్తుంది. రెప్ప వాల్చకుండా గుడ్డ మీదే చూపు నిలిపి పని చేసే టైలర్లలో పొడికళ్లు మామూలే. అలా ఉంటే ముందు కొన్ని వారాలు చుక్కల మందు వేయించి, తర్వాత మళ్లీ కొలవాలి. నల్లగుడ్డు మీదికి కండ పెరిగి ఉంటే అది కూడా కార్నియాను ఒక పక్కకు లాగి దొంగ సిలిండర్‌ను పుట్టిస్తుంది, దాన్ని ముందు తొలగించాలి. కార్నియా వెనుక వైపు వంపు కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో కంటి వైద్యుడు డగ్లస్ కోచ్ బృందం 2012లో దాని ప్రభావాన్ని కొలిచి చూపించే వరకు లెక్కలన్నీ ఎక్కువగా ముందు వైపు కొలత మీదే నడిచేవి. అందువల్ల కొందరికి అవసరానికి మించి, కొందరికి తక్కువగా సరిచేయడం జరిగేది. నాన్నగారి వయసువాళ్లలో తరచుగా కనిపించే యాక్సిస్ అయితే, ఆ పాత లెక్క అవసరం కంటే తక్కువగా సరిచేసేది.

ఇప్పుడు అసలు విషయం: టోరిక్ లెన్సును పరీక్షించడమంటే ఏమిటి? మామూలు లెన్సు కంట్లో కాస్త తిరిగినా చూపు మారదు. టోరిక్ లెన్సుకు దిక్కు ఉంటుంది. దాని అంచున ఉన్న చిన్న చుక్కలు కార్నియా యాక్సిస్‌తో ఒకే గీతలో నిలిస్తేనే ప్రయోజనం. గోడ గడియారాన్ని తలుచుకోండి. నిమిషాల ముల్లు ఒక నిమిషం కదిలితే 6 డిగ్రీలు. లెన్సు ఒక్కో డిగ్రీ తిరిగినప్పుడల్లా సిలిండర్‌ను సరిచేసే శక్తిలో 3.3 శాతం చొప్పున పోతుంది. 10 డిగ్రీలు తిరిగితే మూడో వంతు నష్టం. ముల్లు 12 నుంచి 1కి వచ్చినంత, అంటే 30 డిగ్రీలు తిరిగితే ఆ లెన్సు వేసినా వేయకపోయినా ఒకటే. అక్కడితో ఆగితే నయం, అంతకు మించి తిరిగితే ఉన్న సిలిండర్‌కు కొత్తది తోడవుతుంది.

టోరిక్ లెన్సు చరిత్ర మొత్తం ఈ తిరుగుడును ఆపడం చుట్టూనే సాగింది. 1990ల మొదట్లో జపాన్‌లో కిమియా షిమిజు బృందం తొలి టోరిక్ లెన్సులను అమర్చింది. వాటిలో సుమారు ఐదింట ఒకటి 30 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ తిరిగిపోయింది. అమెరికాలో 1998లో ఒక సిలికోన్ టోరిక్ లెన్సుకు అనుమతి వచ్చింది, 2005లో ఒక అక్రిలిక్ లెన్సుకు వచ్చింది. అక్రిలిక్ కాస్త జిగటగా ఉండి, సహజ కటకం తీశాక కంట్లో మిగిలే పలుచని సంచికి అంటుకుంటుంది కాబట్టి తిరగడం బాగా తగ్గింది. అమెరికా ప్రమాణం ప్రకారం దాదాపు మూడు నెలల ఎడంతో వరుసగా జరిపే రెండు తనిఖీల మధ్య 90 శాతానికి పైగా కళ్లలో లెన్సు 5 డిగ్రీలకు మించి కదలకూడదు. అంటే గడియారంలో ఒక నిమిషం గీత కంటే తక్కువ.

ఆసుపత్రిలో ఈ కొలత ఎలా తీస్తారో ఒకసారి తెలుసుకుంటే బాబాయికి కూడా ధైర్యం వస్తుంది. కంటిపాపను చుక్కల మందుతో పెద్దది చేస్తారు. గడ్డాన్ని ఆనించి కూర్చోబెట్టి, కంటిలోకి వెలుగు గీత వేసి ఫొటో తీస్తారు. ఫొటోలో లెన్సు అంచు చుక్కలు కనిపిస్తాయి. తెల్లగుడ్డు మీద సన్నని రక్తనాళాలు ఉంటాయి కదా, అవి కదలని గుర్తులు. ఆ గుర్తుల నుంచి చుక్కల గీత ఎంత కోణంలో ఉందో లెక్కిస్తారు. తల కొద్దిగా వాలితే కోణం మారిపోతుంది కాబట్టే ఈ కదలని గుర్తుల అవసరం. ఆపరేషన్ ముగిసిన రోజు ఫొటోను తర్వాతి వాటితో పోలుస్తారు. ఆ ఫొటోలు చదివేవాళ్లకు ఏ కంట్లో ఏ లెన్సు ఉందో తెలియకూడదు. నేనైతే ఆసుపత్రిలో ఈ సంగతి తప్పకుండా అడుగుతాను. సమాధానం తడబడితే ఆ అధ్యయనం మీద నాకు నమ్మకం తగ్గుతుంది.

ఏ లెన్సో తేల్చే కంప్యూటర్ లాటరీ చీటీ గురించి మీ మనసులో ఉన్న భయం చీటీ మీద కాదు, చీటీలో ఉన్న రెండో పేరు మీద ఉండాలి. కొత్త టోరిక్‌ను దేనితో పోలుస్తున్నారు? ఇప్పటికే మార్కెట్లో ఉన్న మరో టోరిక్‌తో అయితే ఎటు పడ్డా నాన్నగారి సిలిండర్‌కు చికిత్స ఉంటుంది. మామూలు లెన్సుతో అయితే, ఆయనకు సగం అవకాశం మామూలు లెన్సే. ఇది చిన్న తేడా కాదు. 2016లో డెన్మార్క్ పరిశోధకులు 13 అధ్యయనాలను, సుమారు 1,400 కళ్లను కలిపి చూశారు. టోరిక్ వేయించుకున్నవాళ్లలో దూరానికి అద్దాలు అవసరమైన వారు, మామూలు లెన్సు వాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. టోరిక్ మేలన్నది ఇంత తేలిపోయాక, కార్నియా సిలిండర్ ఎక్కువగా ఉన్న మనిషికి మామూలు లెన్సు వేసి పోల్చడంలో నాకు పెద్ద న్యాయం కనిపించదు. మీ ఆసుపత్రిది అలాంటి అధ్యయనమైతే, ఉచితం అన్న ఒక్క మాట కోసం చేరమని చెప్పను. మరో టోరిక్‌తో పోల్చేదైతే సంతోషంగా ఆలోచించవచ్చు.

సమ్మతి పత్రంలో ‘ఎప్పుడైనా వైదొలగవచ్చు’ అని ఉంటుంది. అది మీ హక్కే. వైదొలిగినందుకు మామూలు వైద్యం ఆపకూడదు కూడా. కానీ మందుల పరీక్షకూ లెన్సు పరీక్షకూ ఇక్కడ పెద్ద తేడా ఉంది. మాత్ర అయితే రేపు మానేయవచ్చు. లెన్సు విషయంలో మానేసేది తనిఖీలకు వెళ్లడాన్ని మాత్రమే, లెన్సు కంట్లోనే ఉంటుంది. తీయడం అంటే మరో ఆపరేషన్, సంచికి అంటుకుపోయాక అది అంత తేలిక కాదు. కొన్ని రకాల అక్రిలిక్ లెన్సులు సంవత్సరాల తర్వాత కాల్షియం పేరుకుని మసకబారి, తీసి మార్చవలసి వచ్చిన సందర్భాలున్నాయి. ఏడాది పరీక్షలో అది బయటపడదు. అందుకే ఇంకో ప్రశ్న: అధ్యయనం ముగిసిన తర్వాత ఈ లెన్సు వల్ల ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారు, ఎవరి ఖర్చుతో? నోటితో చెప్పినది చాలదు. కాగితంలో ఏ పేరాలో ఉందో చూపించమనండి.

ఆ కాగితం తెలుగులో ఉండాలి. నాన్నగారే చదవాలి, లేదా మీరు చదివి వినిపించాలి. ఆపరేషన్ రోజు పొద్దున, కంట్లో చుక్కల మందు వేసి చూపు మసకగా ఉన్న వేళ సంతకం అడిగితే పెట్టవద్దు. పత్రం ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఇంకా అమ్మకానికి అనుమతి రాని లెన్సు అయితే, 2017 వైద్య పరికరాల నియమాల కింద కేంద్ర ఔషధ నియంత్రణ అధికారుల అనుమతి, పరిశోధన రోగుల పట్ల న్యాయంగా ఉందా అని చూసే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఆమోదం రెండూ కావాలి. పరీక్ష కారణంగా హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. భారత వైద్య పరిశోధన మండలి 2007 నుంచి నడుపుతున్న క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీలో ఈ అధ్యయనం నమోదై ఉండాలి. నమోదు సంఖ్య అడిగి, ఇంటర్నెట్‌లో మీరే వెతికి చూడవచ్చు. ఏ లెన్సును ఏ లెన్సుతో పోలుస్తున్నారో అక్కడ రాసి ఉంటుంది. ఆసుపత్రిలో ఒకటి చెప్పి అక్కడ మరొకటి ఉంటే, ఇక మాట్లాడవలసిన పని లేదు.

బాబాయి గారికి ఒక సంగతి చెప్పండి. 1949 నవంబరు 29న లండన్‌లో కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ తొలిసారి ఒక మనిషి కంట్లో ప్లాస్టిక్ లెన్సు పెట్టారు. ఎథిక్స్ కమిటీ లేదు, రిజిస్ట్రీ లేదు. ఆయన దాదాపు రెండేళ్లు దాన్ని గుట్టుగా ఉంచారు. లెక్క తప్పి ఆ రోగికి చాలా పెద్ద మైనస్ నంబరు, దానితో పాటు పెద్ద సిలిండర్ మిగిలాయి. ప్రయోగం అంటే భయపడవలసింది అలాంటప్పుడు. అందరికీ తెలిసేలా నమోదై, ఫొటోలు తీసి, నెలనెలా పిలిచి చూసే అధ్యయనంలో నాన్నగారి కంటికి, డబ్బు కట్టి వేయించుకున్న చాలామంది కళ్ల కంటే ఎక్కువ తనిఖీ జరుగుతుంది. బాబాయి ప్రశ్న తప్పు కాదు, కోపమే కొంచెం ముందొచ్చింది.

తమ్ముడు చెప్పిన లెన్సు నిజమే. 2017 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఆపరేషన్ అయ్యాక రెండు మూడు వారాలకు, కంట్లో ఉన్న లెన్సు మీద అతినీలలోహిత కాంతి వేసి దాని పవరును సరిచేస్తారు. 600 మందితో జరిపిన పరీక్షలో, మామూలు లెన్సుతో పోలిస్తే అద్దాలు లేకుండా దూరపు చూపు సగటున అక్షరాల చార్టులో ఒక వరుస మెరుగైంది. ఆరు నెలల తర్వాత 75 శాతం మందిలో సిలిండర్ తగ్గింది. మంచి ఫలితమే. కానీ కాంతి విడతలన్నీ పూర్తయ్యే వరకు ప్రత్యేక అద్దాలు పెట్టుకుని ఉండాలి, విడత విడతకీ ఆసుపత్రికి వెళ్లాలి. దీని కోసం నాన్నగారిని ఆగమనడం నాకు సబబు కాదనిపిస్తుంది. శుక్లం ముదిరి తెల్లబడితే, వెలుగుతో కన్ను పొడవు కొలిచే యంత్రం పని చేయదు, అల్ట్రాసౌండ్‌తో కొలవాలి. ఆపరేషన్ కష్టమవుతుంది. ఆ లోపు మసక చూపుతో మెట్లు దిగే మనిషి పడిపోవచ్చు. తమ్ముడికి ప్రేమ ఉంది, కానీ మెట్లు దిగేది నాన్నగారు.

చేరాలనుకున్నా, చేరకుండా సొంత ఖర్చుతో టోరిక్ వేయించుకున్నా ఈ కొన్ని సంగతులు ఒకటే. ఆపరేషన్‌కు ముందు నాన్నగారిని నిటారుగా కూర్చోబెట్టి కంటి అంచున సిరాతో గుర్తులు పెడతారు. పడుకుంటే కనుగుడ్డు కొద్దిగా మెలితిరుగుతుంది కాబట్టి పడుకోబెట్టి గుర్తు పెడితే లెక్క తప్పుతుంది. గుర్తుల బదులు కంప్యూటర్ చిత్రంతో పోల్చే యంత్రాలు ఉన్న ఆసుపత్రులూ ఉన్నాయి. లెన్సు తిరిగితే ఎక్కువగా తిరిగేది ఆపరేషన్ అయిన మొదటి గంటల్లోనే. అందుకే ఆపరేషన్ చేయించుకుని అదే సాయంత్రం గతుకుల రోడ్డు మీద బస్సెక్కి ఇంటికి రావడం నాకు ఇష్టం లేదు. ఆ రాత్రి ఆసుపత్రి దగ్గరే ఎవరింట్లోనైనా ఉండండి. కన్ను నలపకూడదు, తడమకూడదు.

మొదటి రోజు బాగా కనిపించి, తర్వాత అక్షరాలకు నీడలా రెండో అక్షరం కనిపిస్తే, తర్వాతి తనిఖీ తేదీ వరకు ఆగకుండా వెళ్లండి. లెన్సు తిరిగిందని తేలితే, చిన్న ఆపరేషన్‌తో మళ్లీ యాక్సిస్‌కు తిప్పవచ్చు. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల లోపు చేస్తారు. తర్వాత సంచి ముడుచుకుని లెన్సును గట్టిగా పట్టేస్తుంది. ఈ రెండో ఆపరేషన్ ఉచితమా అన్నది కూడా సమ్మతి పత్రంలోనే ఉండాలి. లెన్సు పేరు, పవరు, వరుస సంఖ్య ఉన్న చిన్న కార్డు ఇస్తారు. దాన్ని పాస్‌పోర్టు అంత జాగ్రత్తగా దాచండి. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో వేరే డాక్టరు దాన్నే అడుగుతారు.

ఎడమ కంట్లోనూ శుక్లం ఉందన్నారు కానీ, దానికి ఏం చేస్తారో ఉత్తరంలో రాయలేదు. కొన్ని అధ్యయనాల్లో ఒక కన్నే చేరుస్తారు, రెండోదాని ఖర్చు మీదే. కొన్నింట్లో రెండు కళ్లకూ ఎంత ఎడంలో ఆపరేషన్ చేయాలో ముందే రాసి ఉంటుంది. ఆ ఎడంలో ఒక కన్ను కొత్త లెన్సుతో, మరొకటి పాత అద్దాల నంబరుతో ఉంటే, రెండూ కలిపి చూడటం నాన్నగారికి ఇబ్బంది కావచ్చు, మిషన్ ముందు కూర్చోలేకపోవచ్చు. పెళ్లిళ్ల సీజన్ కుట్టు ఎప్పుడు ముగుస్తుందో ఆయన్ని అడగండి. కార్నియా కొలత, అధ్యయనంలో రెండో లెన్సు పేరు, రెండో కంటికి రాసిన ఏర్పాటు చేతికి వచ్చాక నాకు మళ్లీ ఒక ఉత్తరం రాయండి.